పంది ఖాతాలో రాసిన పద్దు

(మన ట్రస్టు ఉపకార వేతనాల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



బ్యాంకు పరీక్షలకు ఎలా చదవాలో చెప్పమని కార్యదర్శి గారు నన్ను పిలిచారు. ఆ విషయం చెప్పడానికి నాకంటే బాగా తెలిసినవారు చాలామంది ఉన్నారు. నేను బి.కాం. చదివి, ముప్పై ఎనిమిదేళ్లు బ్యాంకులో గుమాస్తాగా పనిచేసి 2019లో రిటైరైనవాణ్ణి. నా మనసులో చాలాకాలంగా ఉన్న మరో విషయం చెబుతానని అడిగాను, వారు ఒప్పుకున్నారు. స్వైన్ ఫ్లూ వైరస్ ఎక్కడ పుట్టిందో శాస్త్రవేత్తలు ఎలా కనిపెట్టారన్నది ఆ విషయం. లెక్కల గుమాస్తాకు వైరస్‌తో పనేమిటని మీరు నవ్వుకోవచ్చు. చివరిదాకా వింటే నాకు ఎందుకు పని పడిందో తెలుస్తుంది. ఇందులో నేను చేసిన ఒక తప్పు కూడా ఉంది. దాన్ని పదిమందిలో ఒప్పుకోవడానికే ఈ అవకాశం తీసుకున్నాను.

2009 ఆగస్టు నెల ఇక్కడున్న పెద్దలందరికీ గుర్తుండే ఉంటుంది. అంతకుముందు ఏప్రిల్‌లో అమెరికాలోని కాలిఫోర్నియాలో ఇద్దరు పిల్లలకు కొత్త రకం ఫ్లూ ఉన్నట్టు తేలింది. మెక్సికోలో అప్పటికే చాలామంది జబ్బు పడ్డారు. జూన్ 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని ప్రపంచవ్యాప్త మహమ్మారిగా ప్రకటించింది. మన దేశంలో మొదటి రోగిని మే 16న హైదరాబాద్‌లో గుర్తించారు. ఆయన అమెరికా నుంచి విమానంలో వచ్చిన యువకుడు. ఆగస్టు 3న పుణెలో ఒక స్కూలు విద్యార్థిని చనిపోయింది. దేశంలో ఆ జబ్బుతో సంభవించిన మొదటి మరణం అదే.

పుణె మనకు ఎంత దూరం? రెండు వందల యాభై కిలోమీటర్లు. హుతాత్మ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే నాలుగు గంటల ప్రయాణం. మన పేటల్లో ప్రతి నాలుగో ఇంటికి పుణెలో ఒక కొడుకో, అల్లుడో ఉంటాడు. ఆ వారం నుంచి కార్ఖానాల్లో మగ్గాల మీద పనిచేసేవాళ్లు ముక్కుకు రుమాలు కట్టుకున్నారు. బీడీలు చుట్టే ఆడవాళ్లు కర్పూరం, ఏలకులు కలిపి చిన్న బట్టలో మూటకట్టి కొంగుకు ముడివేసుకున్నారు. నా క్యాష్ కౌంటర్ దగ్గర ఎవరైనా తుమ్మితే వరుస మొత్తం రెండడుగులు వెనక్కి జరిగేది.

మా వాడ వెనుక, నాలా గట్టున, పందులు పెంచుకునే నాలుగైదు కుటుంబాలు ఉండేవి. జబ్బు పేరేమో స్వైన్ ఫ్లూ, స్వైన్ అంటే పంది. ఇక ఆలోచించేదేముంది? అందరి కళ్లూ నాలా గట్టు మీదే పడ్డాయి. వాడలో నలుగురు కూర్చుని అర్జీ పెట్టాలన్నారు. నా చేతిరాత బాగుంటుంది, మరాఠీలో అర్జీ రాయడం నాకు అలవాటు. కాబట్టి రాసింది నేనే. ఈ పందుల వల్ల మా వాడలో స్వైన్ ఫ్లూ వ్యాపించే ప్రమాదం ఉందని, వాటిని వెంటనే తొలగించాలని రాశాను. నలభై ఒక్క సంతకాలు పడ్డాయి, మొదటి సంతకం నాది. కార్బన్ పెట్టి తీసిన కాపీ ఇప్పటికీ నా ఫైల్లో ఉంది.

పందులను బండ్లలో ఎక్కించి తీసుకుపోయారు. నెల తిరక్కుండానే ఆ కుటుంబాలు గుడిసెలు ఎత్తేశాయి. వాళ్లలో ఒక పిల్లవాడు ఏడో తరగతి చదువుతుండేవాడు. మా బ్రాంచిలో వాడికి మైనర్ ఖాతా ఉండేది. పదీ ఇరవై తెచ్చి వేసేవాడు. వాళ్ల నాన్న వచ్చి ఆ ఖాతా మూసేశాడు. నిల్వ 340 రూపాయలు. కౌంటర్‌లో లెక్కపెట్టి ఇచ్చింది నేనే. మూసివేతకు కారణం అన్న చోట 'ఊరు మార్పు' అని రాసిందీ నేనే.

అప్పుడు నా మనసుకు ఏమీ అనిపించలేదు. అనిపించడానికి పదకొండేళ్లు పట్టింది.

2020 మార్చిలో కరోనా లాక్‌డౌన్‌కు ముందు మా చెల్లెలి కూతురు పుణె నుంచి మా ఇంటికి వచ్చింది. ఈ ట్రస్టు ఉపకార వేతనంతోనే బి.ఎస్సీ. చదివి, తర్వాత పుణెలో ఎం.ఎస్సీ. బయో ఇన్ఫర్మాటిక్స్‌లో చేరిన అమ్మాయి. తనకు జలుబు కూడా లేదు. అయినా 'పుణె నుంచి వచ్చింది' అని వాడలో గుసగుసలు మొదలయ్యాయి. పాలవాడు గిన్నె గడప అవతలే పెట్టమన్నాడు. నాకు కోపం వచ్చి, "ఏమీ తెలుసుకోకుండా మనుషుల మీద నింద వేస్తారేమిటి?" అన్నాను. ఆ మాట నోటినుంచి వచ్చాక ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తెల్లారి ఫైలు తీసి ఆ కాపీని అమ్మాయికి చూపించాను. చదివి, "మామా, ఇందులో రాసింది నిజం కాదు. ఎందుకు కాదో చెప్పనా?" అంది. లాక్‌డౌన్ రోజుల్లో రోజూ సాయంత్రం నాకు పాఠం చెప్పింది. నేను నేర్చుకున్నది మీకు నా బ్యాంకు భాషలో చెబుతాను.

ఫ్లూ వైరస్ అంటే ఒక చిన్న పొట్లంలో కట్టిన రాత అనుకోండి. ఆ రాతలో నాలుగే అక్షరాలు ఉంటాయి. మొత్తం పొడవు దాదాపు 13,500 అక్షరాలు. మనిషి జన్యువుల రాత 300 కోట్ల అక్షరాలు, దానితో పోలిస్తే ఇది ఒక కరపత్రం లాంటిది. రోగి ముక్కులోంచో, గొంతులోంచో తీసిన నమూనా నుంచి ఈ రాతను అక్షరం అక్షరంగా చదవడాన్నే సీక్వెన్సింగ్ అంటారు. సరే, చదివారు. చదివితే పుట్టిన చోటు ఎలా తెలుస్తుంది?

కంప్యూటర్లు రాకముందు మా బ్యాంకులో రిజిస్టర్లు చేత్తో రాసేవాళ్లం. పాతది నిండితే కొత్తదానిలోకి ఎక్కించేవాళ్లం. ఒక ఖాతాదారుడి పేరు మల్లయ్య, ఇంటి నంబరు 86 అనుకోండి. ఎక్కించేటప్పుడు ఒక గుమాస్తా 86ను 68 అని రాశాడు. ఆ రిజిస్టర్‌ను చూసి రాసిన ప్రతిదానిలోనూ 68 అనే వస్తుంది. వాటిలో ఒకదాన్ని రాసేటప్పుడు ఇంకో గుమాస్తా మల్లయ్యను ఎల్లయ్య అని రాశాడు. ఇప్పుడు నా ముందు ఐదు రిజిస్టర్లు కలిపేసి పడేయండి. ఏది దేన్ని చూసి రాసిందో నేను చెప్పగలను. 86, మల్లయ్య ఉన్నది పాతది. 68, మల్లయ్య ఉన్నది దాని తర్వాతది. 68, ఎల్లయ్య ఉన్నవి ఆ తర్వాతవి. తప్పే ఇక్కడ సాక్షి. ఒకే తప్పు రెండు పుస్తకాల్లో ఉందంటే, ఆ రెండింటికీ తల్లి పుస్తకం ఒకటే అని అర్థం. ఒక్క తప్పయితే కాకతాళీయం అనవచ్చు. అవే ఇరవై తప్పులు రెండింటిలోనూ ఉంటే ఇక సందేహం అక్కర్లేదు.

శాస్త్రవేత్తలు చేసేదీ ఇదే. వేల వైరస్‌ల రాతలను పక్కపక్కన పెట్టి ఏ తప్పు ఎవరెవరిలో ఉందో చూసి వంశవృక్షం గీస్తారు. మన సంగతీ అంతే కదా. మన తాతలు కరీంనగర్, వరంగల్, నల్గొండ జిల్లాల నుంచి సోలాపూర్ వచ్చారు. ఇక్కడి మన తెలుగులో మరాఠీ మాటలు ఎన్నో చేరాయి. అక్కడి బంధువులు విని నవ్వుతారు. కానీ ఆ మాటను బట్టే వీళ్లు సోలాపూర్‌వాళ్లని ఇట్టే గుర్తుపడతారు.

బ్యాంకులో ఒకరు రాస్తే మరొకరు చెక్ చేయాలి. మన శరీరంలో జన్యువులకు నకలు తీసేటప్పుడు కూడా చెక్ చేసే ఏర్పాటు ఉంది. ఫ్లూ వైరస్‌కు అది లేదు. రాసే గుమాస్తా ఉన్నాడు, చెక్ చేసే ఆఫీసరు లేడు. అందుకే తప్పులు త్వరగా పోగవుతాయి, ఇంచుమించు ఒకే వేగంతో పోగవుతాయి. కాబట్టి రెండు వైరస్‌ల మధ్య ఎన్ని అక్షరాలు తేడా ఉన్నాయో లెక్కపెడితే, అవి ఎన్నేళ్ల క్రితం విడిపోయాయో అంచనా వేయవచ్చు. అసలు, వడ్డీ మొత్తం, వడ్డీ రేటు తెలిస్తే కాలం కనుక్కునే లెక్క మీరు ఏడో తరగతిలో చేస్తారు కదా, అదే లెక్క.

దీనికి ఒక విచిత్రమైన ఉదాహరణ ఉంది. హెచ్1ఎన్1 అనే రకం ఫ్లూ 1957 తర్వాత మనుషుల్లో కనిపించకుండా పోయింది. ఇరవై ఏళ్ల తర్వాత, 1977లో, చైనా, రష్యాల వైపు మళ్లీ వచ్చింది. రాత చదివి చూస్తే 1950 ప్రాంతంలో తిరిగిన వైరస్‌లకు దాదాపు నకలుగా ఉంది. ఇన్నేళ్లు మనుషుల్లోనో, జంతువుల్లోనో తిరిగి ఉంటే వందల తప్పులు పోగవ్వాలి, అవి లేవు. అంటే అన్నేళ్లూ ఆ పుస్తకం బీరువాలో ఉందన్నమాట. ఎక్కడో ఫ్రీజర్‌లో భద్రపరచిన వైరస్ మనుషుల చేతుల మీదుగానే బయటపడి ఉంటుందని చాలామంది శాస్త్రవేత్తల అభిప్రాయం. తప్పులు ఉండటమే కాదు, లేకపోవడం కూడా సాక్ష్యమే.

ఇప్పుడు 2009 వైరస్ సంగతి. ఫ్లూ వైరస్ రాత ఒకే పుస్తకంగా ఉండదు, ఎనిమిది విడి పుస్తకాలుగా ఉంటుంది. ఒకే జంతువు గొంతులోని ఒకే కణంలోకి రెండు రకాల ఫ్లూ వైరస్‌లు దూరాయనుకోండి. రెండు బ్రాంచీల పుస్తకాలను ఒకే గదిలో దింపినట్టు అవుతుంది. సర్దుకుని బయటకు వెళ్లేటప్పుడు ఐదు ఈ బ్రాంచివి, మూడు ఆ బ్రాంచివి కలిసిపోతాయి. ఎనిమిది ఉంటే చాలు, ఏ బ్రాంచివన్నది ఎవరూ చూడరు. పంది కణాలకు పక్షుల ఫ్లూ, మనుషుల ఫ్లూ కూడా అంటుకోగలవు. అందుకే పంది శరీరంలో ఇలాంటి కలయికలు జరిగే అవకాశం ఉంది.

2009 ఏప్రిల్ చివరి వారానికే కాలిఫోర్నియా వైరస్ రాతను ప్రపంచంలోని శాస్త్రవేత్తలందరూ చూసుకునేలా బయట పెట్టారు. ఎనిమిది పుస్తకాలనూ విడివిడిగా పరిశీలించారు. మూడు పుస్తకాలు అమెరికా పందుల్లో 1918 కాలం నుంచి తిరుగుతున్న పాత ఫ్లూవి. రెండు పుస్తకాలు ఉత్తర అమెరికా పక్షుల ఫ్లూవి. ఒకటి మనుషుల ఫ్లూది. ఈ మూడు మూలాలూ కలిసిన వైరస్‌ను అమెరికా పందుల్లో 1998లోనే గుర్తించారు. మిగిలిన రెండు పుస్తకాలు యూరప్, ఆసియా పందుల ఫ్లూవి. అది 1979 ప్రాంతంలో యూరప్‌లో పక్షుల నుంచి పందులకు వచ్చింది. ఆ మనుషుల పుస్తకం కూడా మొదట మనిషిది కాదు, 1968లో పక్షుల నుంచి మనిషికి చేరింది. చూశారా, స్వైన్ ఫ్లూ అని ఒక్క పేరు పెట్టాం కానీ, ఈ ఖాతాలో పక్షి ఉంది, పంది ఉంది, మనిషి కూడా ఉన్నాడు.

పందికి ఏ సంబంధమూ లేదని నేను అనడం లేదు. ఈ ఎనిమిదీ ఒకచోట చేరింది పందుల్లోనే. ఏ పందుల్లో, ఎక్కడ అన్నదే ప్రశ్న. 2009లో ఒక లెక్క వేశారు. కొత్త వైరస్‌లోని ఒక్కో పుస్తకాన్ని అంతకుముందు దొరికిన అతి దగ్గరి బంధువుతో పోలిస్తే, మధ్యలో దాదాపు 9 నుంచి 17 ఏళ్ల ఖాళీ కనబడింది. ఆ ఏళ్ల పుస్తకాలు ఎవరి దగ్గరా లేవు. అన్నేళ్లు ఆ వైరస్ పూర్వీకులు ఎక్కడో పందుల్లో తిరుగుతూ ఉన్నా, ఎవరూ నమూనా తీసి చూడలేదు. మనుషుల్లోకి కూడా అది బయటపడటానికి కొన్ని నెలల ముందే వచ్చిందని అదే లెక్క చెప్పింది.

ఆ ఖాళీ 2016లో పూడింది. మెక్సికో పందుల నుంచి తీసిన నమూనాలను పెద్ద సంఖ్యలో చదివారు. మధ్య, పశ్చిమ మెక్సికో పందుల్లో ఆ తప్పిపోయిన బంధువులు దొరికాయి. అమెరికా వైరస్, యూరప్ వైరస్ రెండూ మెక్సికోకు ఎలా చేరాయి? బతికి ఉన్న పందులను ఒక దేశం నుంచి మరో దేశానికి అమ్మే వ్యాపారం ద్వారా చేరాయని తేల్చారు. పంది తనంతట తాను సముద్రం దాటదు. దాన్ని కొన్నదీ, ఎక్కించిందీ, దించిందీ మనిషే.

ఆ తర్వాతి కథ పూర్తిగా మనుషులదే. కాలిఫోర్నియాలో మొదట దొరికిన ఆ ఇద్దరు పిల్లల్లో ఎవరూ పందుల దగ్గరికి వెళ్లలేదు. మనిషి నుంచి మనిషికి, దగ్గు, తుమ్ముల ద్వారా అది ప్రపంచమంతా తిరిగింది. 2009 మే మొదట్లో కెనడాలో పందులకు కూడా ఈ వైరస్ సోకినట్టు తేలింది. తర్వాత చాలా దేశాల్లో మనిషి నుంచే పందులకు అంటిందని రాత చదివితే తెలిసింది. నింద మాత్రం ఒకే వైపు నడిచింది. ఈజిప్టులో ఒక్క రోగి కూడా లేకముందే, 2009 ఏప్రిల్ చివర్లో దేశంలోని పందులన్నిటినీ చంపమని ఆదేశించారు. దాదాపు 3 లక్షల పందులు. కైరోలో ఇళ్ల చెత్త ఎత్తి, ఆ చెత్తలోని తిండితో పందులను పెంచుకునే కుటుంబాలకు బతుకుతెరువు పోయింది. జబ్బు ఆగిందా? లేదు, జూన్‌లో విమానంలో వచ్చింది. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు అయింది. ఆ వార్త చదివినప్పుడు నాకు మా నాలా గట్టు గుర్తొచ్చింది. నలభై ఒక్క సంతకాలతో మేం చేసిందీ అదే.

మన దేశం లెక్క కూడా వినండి. పుణెలో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వైరాలజీ ఉంది. 1952లో మొదలైన సంస్థ. 2009 మే నుంచి సెప్టెంబరు వరకు మన దేశంలోని పెద్ద నగరాల రోగుల నుంచి వచ్చిన 13 వైరస్‌లను అక్కడ చదివి, ప్రపంచంలోని 685 పూర్తి రాతలతో పోల్చారు. అప్పటికే ఈ వైరస్ వంశం ఏడు కొమ్మలుగా చీలింది. మే నెలలో దొరికిన మొదటి వైరస్ 5వ కొమ్మది. తర్వాత దేశంలో తిరిగినవి 6వ, 7వ కొమ్మలవి. ఎక్కువ భాగం 7వ కొమ్మదే.

దీని అర్థమేమిటో ఆలోచించండి. మొదటి రోగి వేరు కొమ్మ, తర్వాత దేశమంతా ఎక్కువగా తిరిగింది వేరు కొమ్మ. అంటే ఎవరో ఒక్క ప్రయాణికుడు దేశానికంతటికీ జబ్బు తెచ్చాడనడం తప్పు. చాలామంది ప్రయాణికులతో, చాలా దారుల్లో, చాలాసార్లు వచ్చింది. మొదట దొరికినవాడే మొదటి దోషి అని మనం అనుకుంటాం. తన ఒళ్లు బాగాలేదని చెప్పి పరీక్ష చేయించుకున్నవాడే మొదట దొరుకుతాడు. అలాంటివాణ్ణి మెచ్చుకోవాలి గానీ వేలు చూపకూడదు. అదే పరిశోధనలో టామిఫ్లూ మందు ఈ వైరస్‌ల మీద పనిచేస్తుందని కూడా రాత చూసే చెప్పారు. ఆ రోజుల్లో డాక్టర్లకు అది ఎంత ధైర్యమో ఊహించండి.

నా వయసువారికి పనికొచ్చే మాట ఒకటి చెబుతాను. 2009లో ముసలివాళ్లకంటే చిన్నవాళ్లకే ఈ ఫ్లూ ఎక్కువ సోకింది. అమెరికాలో పరీక్షిస్తే అరవై దాటినవారిలో మూడింట ఒక వంతు మందికి ఈ వైరస్‌ను అడ్డుకోగల శక్తి రక్తంలో అప్పటికే ఉంది. ఎందుకు? వాళ్ల చిన్నతనంలో, 1957కు ముందు, 1918 వైరస్ సంతతి మనుషుల్లో తిరిగేది. అదే వంశపు మరో శాఖ పందుల్లో పెద్దగా మారకుండా నిలిచిపోయి, 2009లో మనుషుల్లోకి తిరిగి వచ్చింది. పాత ఖాతాదారుణ్ణి పాత గుమాస్తా గుర్తుపట్టినట్టు వాళ్ల శరీరం గుర్తుపట్టింది. 1918లో మన దేశంలో కోటిమందికి పైగా ఆ జ్వరంతో పోయారు. ఆ 1918 వైరస్ రాతను కూడా అలాస్కాలోని మంచు నేలలో పాతిపెట్టిన ఒక శరీరం నుంచి, దాచి ఉంచిన పాత నమూనాల నుంచి సేకరించి 2005 నాటికి పూర్తిగా చదివారు. ఆ వైరస్ పంది నుంచి మనిషికి కాక, మనిషి నుంచే పందికి వెళ్లి ఉంటుందని చాలామంది నమ్మకం. అంటే 2009లో పంది మనకు ఇచ్చినదాంట్లో కొంత భాగం మనం దానికి ఎప్పుడో ఇచ్చిన అప్పే కావచ్చు.

మళ్లీ నా అర్జీ దగ్గరికి వస్తాను. నాలా గట్టున పందులు తిరగడం వాడకు ఇబ్బందే. ఆ ఇబ్బంది రాసి ఉంటే అది నిజమైన అర్జీ అయ్యేది. నేను రాసింది వేరు. తెలియని విషయాన్ని తెలిసినట్టు రాశాను. బ్యాంకులో సస్పెన్స్ ఖాతా అని ఒకటుంటుంది. ఒక మొత్తం ఎవరిదో తేలనప్పుడు దాన్ని అందులో వేస్తాం. తేలేదాకా అక్కడే ఉంచుతాం. తేలలేదు కదా అని దొరికినవాడి ఖాతాలో డెబిట్ చేయం. అలా చేస్తే ఉద్యోగం పోతుంది. ముప్పై ఎనిమిదేళ్లలో నేను ఒక్క రూపాయిని కూడా అలా రాయలేదు. రాయడానికి ఒక్క రూపాయికి ఒప్పుకోని నా చెయ్యి, నాలుగు కుటుంబాల బతుకు మీద మాత్రం సంతకం పెట్టేసింది.

లాక్‌డౌన్ సడలాక ఆ కుటుంబం కోసం వెతికాను. రెండేళ్లు పట్టింది. చివరికి ఊరి బయట సంతలో బుట్టలు అమ్ముతూ ఆ పెద్దాయన కనిపించాడు. నన్ను చూసి, "బ్యాంకు సాబ్" అని లేచి నిలబడ్డాడు. నేను సంగతంతా చెప్పాను, అర్జీ రాసింది నేనే అని చెప్పాను. ఆయనకు ముందే తెలుసట. కొడుకు చదువు ఏడో తరగతితోనే ఆగిందట, ఇప్పుడు టెంపో నడుపుతున్నాడట. కాసేపు ఊరుకుని ఆయన ఒక్క మాటే అడిగాడు. "ఆ ఏడు మా పందుల్లో ఒక్కదానికీ జ్వరం రాలేదు సాబ్. మీలో ఒక్కరైనా వచ్చి అడిగారా?"

నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడూ లేదు. శాస్త్రవేత్తల లెక్కలో పదేళ్లకు పైగా ఖాళీ ఎందుకు మిగిలింది? పందులను ఎవరూ చూడలేదు కాబట్టి. మా వాడలో తప్పు ఎందుకు జరిగింది? ఎవరూ నాలుగడుగులు వేసి వెళ్లి అడగలేదు కాబట్టి.

తల్లిదండ్రులకు నా మనవి రెండు మాటలు. ఒకటి, ఆ వైరస్ ఇప్పటికీ మనమధ్యే ఉంది. మహమ్మారి 2010 ఆగస్టు 10న ముగిసిందని ప్రకటించారు. కానీ అది మామూలు సీజన్ ఫ్లూగా మారి ఏటా వస్తూనే ఉంది. 2015 ఒక్క ఏడాదిలోనే మన దేశంలో 42,592 మందికి సోకినట్టు నమోదైంది, 2,990 మంది పోయారు. దాని రాత మారుతూ ఉంటుంది కాబట్టి టీకాను కూడా మార్చుకుంటూ పోవాలి. ముసలివాళ్లు, గర్భిణులు, షుగరు, ఉబ్బసం ఉన్నవాళ్లు ఏటా టీకా సంగతి డాక్టరును అడగండి. కర్పూరం మూట కొంగుకు అందం, అంతే.

రెండు, మన పిల్లల్లో ఎక్కువమంది కామర్స్, ఐ.టి.ఐ., డిప్లొమా వైపు వెళ్తున్నారు. అవి మంచివే, నేనూ కామర్స్‌తోనే బతికాను. కానీ సైన్సు తీసుకుంటానని ఆడపిల్ల అడిగితే "ఎన్నేళ్లు చదువుతావు, ఎవరు పెడతారు?" అని అనకండి. మా చెల్లెలు అలా అనకపోబట్టే నా ఇంట్లో నాకు పాఠం చెప్పేవాళ్లు ఉన్నారు. పుణెలో ఎన్.ఐ.వి. ఉంది, హైదరాబాద్‌లో సి.సి.ఎం.బి. ఉంది. మన ఊరికి రెండూ ఒక రాత్రి ప్రయాణమే. జకార్డు అట్టల్లో ఒక్క రంధ్రం తప్పు పడితే చద్దరు మీద పువ్వు ఎక్కడ చెడిందో మన తాతలు వెతికి పట్టుకునేవారు. ఆ ఓపిక, ఆ కన్ను మన రక్తంలో ఉన్నాయి. వైరస్ రాత చదవడానికి కావలసింది కూడా అవే.

పిల్లలూ, మీకు చెప్పేది ఒకటే. పేరు చూసి పద్దు రాయకండి. తప్పు ఎక్కడ మొదలైందో వెనక్కి వెళ్లి చూడండి. తెలియకపోతే సస్పెన్స్‌లో ఉంచండి, అందులో అవమానం లేదు. మీరు ఏ ఉద్యోగం చేసినా, ఎవరి మీదైనా సంతకం పెట్టే ముందు ఒక్కసారి వెళ్లి వాళ్లనే అడగండి.

ట్రస్టు పెద్దల అనుమతితో చిన్న సంగతి చెప్పి ముగిస్తాను. నా రిటైర్మెంటు డబ్బులో కొంత డిపాజిట్ చేసి, ఏటా వచ్చే వడ్డీతో ఏడో తరగతి దాటి ఎనిమిదిలో చేరే ఇద్దరు పిల్లలకు పుస్తకాలు, ఫీజు ఇవ్వాలని అనుకున్నాను. ఏ కులం, ఏ వాడ అన్న షరతు పెట్టవద్దని కోరాను, కార్యవర్గం ఒప్పుకుంది. దరఖాస్తు ఫారాలు కార్యాలయంలో ఉన్నాయి. నాలా గట్టు వైపు ఎవరైనా వెళ్తే అక్కడ కూడా ఒకటి రెండు ఇచ్చి రండి.